మూత లోపలి చెమ్మ

ఉరానో రేవులో ట్యూనా చేపల ఓడ ఎక్కిన మగవాడు ఏడాది దాకా ఇంటి మొహం చూడడు. అందుకే ఆ ఊళ్లో బియ్యం డబ్బా లేని ఇల్లయినా ఉంటుందేమోగాని కెమెరా లేని ఇల్లు ఉండదు. మగవాడు లేని ఏడాదిలో పుట్టిన పిల్లనీ, కూలిన గోడనీ, కొత్తగా కొన్న రంగుల టీవీనీ ఫోటోలు తీసి దాచి, దిగి వచ్చాక వాడి ముందు పెట్టాలి. పోయిన చలికాలం ‘ఎబిసు మారు’ ఓడ ఎక్కబోతూ కొహెయి కూడా పెళ్లాం ఫుసాయె చేతిలో ఓ కెమెరా పెట్టాడు.

"నేను లేనప్పుడు ఏం జరిగినా తీసి ఉంచు. ఒక్కటి కూడా వదలకు," అన్నాడు.

ఆమె ఒక్కటి కూడా వదల్లేదు. పిల్లి పిల్లల్ని పెట్టిందని ఫోటో తీస్తే అందులో పిల్లితో పాటు అత్తగారి రబ్బరు బూట్లు, గోడ మీది క్యాలెండరు, ఎండేసిన ముల్లంగి, కిటికీలోంచి తొంగిచూస్తున్న పక్కింటి తొమె మొహం సగం, అన్నీ పడ్డాయి. కడిగించడానికి స్టూడియోకి తీసుకెళ్తే ఒనొదెరా మాస్టారు ఆ ఫోటోని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమ్మా, ఇది ఫోటోనా, సంత నుంచి తెచ్చిన సంచీనా? చెయ్యి పెడితే ఏది దొరుకుతుందో చెప్పలేం."

ఒనొదెరా మాస్టారికి స్టూడియో బతుకుతెరువు. పెళ్లికూతుళ్లనీ, బడికెళ్లే పిల్లల్నీ బొమ్మల్లా నిలబెట్టి తీస్తాడు. ఆదివారాలు మాత్రం ఊరి హాల్లో ఓ పదిమందిని పోగేసి ఫోటో విద్య నేర్పుతాడు. నోరు కారం, చెయ్యి బంగారం. ఆయన దగ్గర రెండు నల్ల అట్టముక్కలుంటాయి, గోడ మూలలా మలుపు తిరిగినవి. ఫోటో మీద వాటిని ఎదురెదురుగా పెట్టి మెల్లగా దగ్గరికి జరుపుతాడు. జరిపినప్పుడల్లా ఒక్కోటీ చీకట్లోకి పోతుంది.

"క్యాలెండరు లేకపోతే ఈ ఫోటో చచ్చిపోతుందా? పోదు. తీసెయ్. ముల్లంగి? తీసెయ్. తొమె మొహం?"

"అది ముందే తియ్యాల్సింది మాస్టారూ," అంది ఫుసాయె. ఆయన మొదటిసారి నవ్వాడు.

చివరికి అట్టల మధ్య తల్లిపిల్లి తోక, దాని కింద కళ్లు తెరవని చిన్న మొహం మిగిలాయి. అంతసేపూ తన ఇల్లే అయిన చోటు ఫుసాయెకి కొత్తగా కనిపించింది. ఆ తల్లి మొహం ఎలా ఉందో చూడాలని ఆశ పుట్టింది. ఫోటోలో లేనిదాని మీద ఆశ పుట్టడమేమిటని ఆమెకే విడ్డూరంగా తోచింది.

"అంతా చూపిస్తే చూసేవాడు ‘ఓహో’ అని వెళ్లిపోతాడమ్మా," అన్నాడు మాస్టారు. "కొంచెం దాచు. అప్పుడు ఆగుతాడు. మిగతాది తనే పూరించుకుంటాడు."

ఆయన మాటలో తప్పు లేదు. కాకపోతే మాస్టారికి పెళ్లాం ఇంట్లోనే ఉంది, కొడుకు పట్నంలో బల్ల వెనక కూర్చునే ఉద్యోగం చేస్తున్నాడు. సముద్రం మీద ఆయనకి ఎవరూ లేరు. దాచినదాన్ని భయంతో పూరించుకునేవాళ్లు కూడా ఉంటారని ఆయనకి ఎవరు చెప్పాలి?

ఫుసాయెకి ఆ పిచ్చి పట్టుకుంది. పగలు చేపల షెడ్డులో కత్తి పట్టి పేగులు తీసేది. సాయంత్రం కెమెరా పట్టి ఫోటోల్లోంచి మనుషుల్ని తీసేసేది. ఓడ కదిలేటప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లూ ఓడ మీదివాళ్లూ చెరో కొసా పట్టుకునే రంగు కాగితపు రిబ్బన్లు ఉంటాయి కదా, అవి తెగాక ఓ ముసలమ్మ పిడికిట్లో మిగిలిన తుంపు మాత్రం తీసింది. ఓడ లేదు, సముద్రం లేదు, మనిషి లేదు. ఆ ఫోటో చూసి మాస్టారు అట్టముక్కలు సొరుగులో పెట్టేసి, "నీకు ఇక వీటితో పని లేదు," అన్నాడు. ఆ మాటకి ఆమె వారం పాటు నేల మీద నడవలేదు.

అలాంటి రోజుల్లోనే ఆమె కన్ను అత్తగారి నీడ భోజనం మీద పడింది.

ఉరానోలో సముద్రం మీదికి వెళ్లినవాడి వాటా ఇంట్లో ఆగదు. కొహెయి తల్లి కియోనో రోజూ పొద్దున కొడుకు కూర్చునే చోట దిండు వేసి, చిన్న పీట మీద పళ్లెం పెడుతుంది. అన్నం, కాల్చిన చేప, ఊరేసిన ముల్లంగి, లక్క గిన్నెలో సోయా ముద్ద కలిపిన మిసో చారు. ముందు తినే పుల్లలు అడ్డంగా పెడుతుంది. చారు గిన్నె మీద మూత ఉంటుంది. వాడి నీడ వచ్చి తిని వెళ్తుందని, అక్కడ వాడికి ఆకలి వెయ్యదని నమ్మకం. ఇంట్లోవాళ్లు తినడం అయ్యాక మూత తీసి చూస్తారు. మూత లోపల చెమ్మ ఉంటే వాడు క్షేమం. పొడిగా ఉంటే... ఆ వాక్యాన్ని ఉరానోలో ఎవరూ పూర్తి చెయ్యరు.

పోయినవాళ్లకి కూడా పళ్లెం పెడతారు. తేడా అల్లా ఒక్కటే. వాళ్ల అన్నంలో పుల్లలు నిటారుగా గుచ్చుతారు.

వేడి చారు మీద మూత పెడితే చెమ్మ రాక ఏమొస్తుందని ఫుసాయె కాపురానికి వచ్చిన నాటి నుంచీ లోలోపల నవ్వుకునేది. పైకి అనేంత తెలివితక్కువది కాదు. కియోనోకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఫోటో తియ్యడానికి కియోనో అడ్డు చెప్పలేదు. "వాడి వాటా వాడికి చూపించాలిగా, తీసుకో," అంది. ఫుసాయె పళ్లేన్ని ముందు నుంచీ పక్క నుంచీ తీసి, స్టూడియో చీకటిగదిలో ఒక్కోటీ చెరపడం మొదలుపెట్టింది. దిండు పోయింది. వెనక గోడ పోయింది. అత్తగారి చెయ్యి పోయింది. చేప, చారు గిన్నె, మూత పోయాయి. తెల్లటి అన్నం గిన్నె, దాని మీద లేస్తున్న ఆవిరి, కింద అడ్డంగా పుల్లలు మిగిలాయి.

"చాలు," అన్నాడు మాస్టారు.

ఆయన ‘చాలు’ అన్నది ఆమెకి చాలలేదు. ఆయన అటు తిరగ్గానే కాగితాన్ని ఇంకో వేలు వెడల్పు జరిపి పుల్లల్ని కూడా తీసేసింది. గిన్నె, ఆవిరి, చుట్టూ చీకటి. నీళ్లలో ఆ బొమ్మ తేలుతూ వచ్చాక తీసుకెళ్లి మాస్టారి ముందు పెట్టింది. శరదృతువులో ఊరి హాల్లో జరిగే కళల ప్రదర్శనలో మాస్టారు దాన్ని నడిమి గోడకి తగిలించాడు. ఆ గోడ మీద ఎప్పుడూ ఆయన ఫోటోయే ఉండేది.

సరిగ్గా ఆ వారమే ఎబిసు మారు మాట్లాడటం మానేసింది.

రేవు సంఘంలో వైర్‌లెస్ గది ఉంది. రోజూ మధ్యాహ్నం ఓడలు ఒక్కోటీ పలుకుతాయి. హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫాను అన్న కబురు తర్వాత ఎబిసు మారు వంతు వచ్చినప్పుడు వట్టి గరగర వినిపించింది. మర్నాడూ అంతే. వైర్‌లెస్ చూసే కుమగాయి అందరితోనూ ఒకే మాట అన్నాడు.

"ఏరియల్ విరిగుంటుందమ్మా. తుఫాన్లో మొదట పోయేది అదే. కంగారు పడకండి."

అని తను మాత్రం గది వదిలి భోజనానికి కూడా వెళ్లలేదు.

చేపల షెడ్డులో తొమె ఫుసాయె పక్కన నిలబడింది. ఆమెకి లోపల ఒకటి పెట్టుకుని బయట ఒకటి మాట్లాడటం రాదు.

"నీ ఫోటో చూశానే. మీ ఇంట్లో అప్పుడే పుల్లలు గుచ్చేశారేంటి?"

"గుచ్చడమేంటి? అందులో పుల్లలే లేవు."

"లేవు గనకే అడుగుతున్నా. అడ్డంగా ఉంటే కనబడాలిగా. కనబడలేదంటే?" తొమె కత్తి పక్కన పెట్టింది. "హాల్లో అందరూ అదే అనుకుంటున్నారు. ఎవరూ నీ మొహం మీద అడగరు, నేను అడిగా. కియోనోని మాత్రం అటు వెళ్లనివ్వకు తల్లీ."

ఆవిరి, గిన్నె, నలుపు. ఊరంతా వచ్చి ఆ నలుపులో ఏం పెట్టిందో ఫుసాయెకి అప్పుడు తెలిసింది. తను పుల్లల్ని తీసేసిన చోట ఉరానో రెండు పుల్లలు నిటారుగా గుచ్చింది. చేతులు కడుక్కోకుండానే షెడ్డు నుంచి ఇంటికి పరుగెత్తింది.

ఆలస్యమైంది. కియోనో అప్పటికే హాలుకి వెళ్లి వచ్చింది. బయటికి వెళ్లేటప్పుడు వేసుకునే మంచి పైబట్ట ఇంకా విప్పలేదు.

"ఫోటో బాగుందే," అంది.

అంతే. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండునో అని ఫుసాయెకి అనిపించింది. కియోనో పైబట్ట మడత పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున లేచి పొయ్యి వెలిగించింది, ఇద్దరికీ వడ్డించింది. కొహెయి దిండు వెయ్యలేదు. పీట మూలనే ఉండిపోయింది. కొడుకు ఓడ ఎక్కిన నాటి నుంచీ జ్వరం వచ్చినా మానని పని అది. ఫుసాయె మూలనున్న పీట వైపే చూస్తూ కూర్చుంది. మొగుణ్ని సముద్రం ఏం చేసిందో తెలియదుగాని, ఈ ఇంట్లోంచి అతన్ని తీసేసింది తనే. ఇంకో వేలు వెడల్పు కోసం.

లేచి నేరుగా హాలుకి వెళ్లింది. మాస్టారు గుమ్మంలో ఉన్నాడు.

"ఆ ఫోటో తీసేస్తున్నా మాస్టారూ."

"పిచ్చా నీకు? ఈ రేవులో ఎవరూ అలాంటిది తియ్యలేదు. ఊళ్లోవాళ్లు ఏదో అన్నారని..."

"అన్నది నిజమే. నేను చావుని తీశాను. తెలియక తీశాను."

"చూసేవాళ్ల భయానికి ఫోటో ఏం చేస్తుందమ్మా?"

"మీరేగా అన్నారు, మిగతాది వాళ్లే పూరించుకుంటారని. మా అత్తయ్య పూరించుకుంది. ఇవాళ మా ఇంట్లో పళ్లెం పెట్టలేదు."

మాస్టారు కూడా ఆ ఊళ్లో పుట్టినవాడే. పళ్లెం పెట్టలేదంటే ఏమిటో ఆయనకి చెప్పనక్కర్లేదు. స్టూలు తెచ్చి తనే ఎక్కి ఫోటో దించి, వెనక్కి తిప్పి ఆమె చేతికిచ్చాడు. నడిమి గోడ మీద మేకు ఒక్కటీ మిగిలింది.

మర్నాడు వాన. కియోనో లేవకముందే ఫుసాయె పొయ్యి దగ్గర చేరింది. దిండు వేసింది. పీట తుడిచింది. అన్నం, చేప, ముల్లంగి పెట్టి, పుల్లలు అడ్డంగా, అవసరమైన దానికన్నా శ్రద్ధగా సర్దింది. చారు గిన్నెలో పోసి మూత పెట్టింది. ఇన్నేళ్లలో ఆమె చేత్తో పెట్టడం అదే మొదటిసారి. అలికిడికి కియోనో లేచి వచ్చి, పళ్లేన్ని చూసి, తన చోట కూర్చుంది. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.

తినడం అయ్యాక ఫుసాయె మూత తీసింది.

పొడి.

వేలితో తడిమింది. నల్లటి లక్క మీద వేలి గుర్తు తప్ప ఏమీ లేదు. ఆ మూతని చూసి ఇన్నేళ్లూ నవ్వుకున్న మనిషే ఇప్పుడు మూత చేతిలో పట్టుకుని చంటిపిల్లలా బావురుమంది.

"అత్తయ్యా... పొడిగా ఉంది... అత్తయ్యా..."

కియోనో మూత లాక్కుంది. చూసింది. తర్వాత చారు గిన్నెలో వేలు ముంచింది. మొహం ఎర్రబడింది.

"ఓసి మొద్దూ! ఇది చారా, కాళ్లు కడుక్కునే నీళ్లా? మరిగించకుండా పోస్తే చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందే? నీ నెత్తి మీద నుంచి వస్తుందా?"

ఫుసాయె ఏడుపు సగంలో ఆగిపోయింది.

"నీకు... నీకు తెలుసా?"

"ఏం తెలియాలి? చారు వేడిగా ఉంటే మూత తడుస్తుందని తెలియాలా? అది తెలియడానికి పెద్ద చదువులు చదవాలా?" కియోనో గిన్నె పట్టుకుని పొయ్యి వైపు నడిచింది. "చారు కుండలో బుడగలు వచ్చేదాకా ఉంచుతాను. గిన్నెని ముందు వేడినీళ్లతో కడుగుతాను. అప్పుడు పోస్తాను. మీ మామయ్యకి కూడా అలాగే పోశాను."

మామగారు ఎప్పుడో చిన్న పడవలో వేటకి వెళ్లి తిరిగి రాలేదని ఫుసాయెకి తెలుసు. ఆయన మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. కియోనో పొయ్యి మీద చారు పెట్టి, దానివైపే చూస్తూ మాట్లాడింది.

"ఆయన మునిగిన రోజు కూడా మూత తడిగానే ఉందే. ధారలుగా కారింది. తర్వాత నెల్లాళ్లు కూడా తడిగానే ఉంది. నేనే పోస్తున్నానుగా, ఎందుకుండదు?"

"మరి ఎందుకత్తయ్యా, రోజూ..."

"మూత పెట్టాక తీసేదాకా ఓ పూట గడుస్తుందే. ఆ పూట లోపల ఏముందో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు, నేను మరిగించానని గుర్తు తెచ్చుకోను. అంతే. అలా పూట పూటా గడిపి కొహెయిని పెంచాను." చారు పొంగుకొచ్చింది. ఆమె గిన్నె కడిగి, పోసి, మూత పెట్టింది. "నీ ఫోటోకి మూత లేదే. అదొక్కటే దానికున్న తప్పు. చూడగానే నా మెదడు నిటారుగా రెండు పుల్లలు గుచ్చేసింది. ఎంత పీకినా రాలేదు."

ఫుసాయె అత్తగారి పక్కన చతికిలబడింది. క్షమించమని అడగాలనుకుంది. కియోనో ఆ అవకాశం ఇవ్వలేదు.

"ఏడిచింది చాలు. తియ్యి ఆ మూత."

ఫుసాయె తీసింది. లోపలంతా చెమ్మ. చిన్నవీ పెద్దవీ చుక్కలు, నల్లటి లక్క మీద ఒకదాన్నొకటి పట్టుకుని జారబోతూ ఆగాయి. కిటికీలోంచి వచ్చే వాన వెలుతురు ఒక్కో చుక్కలోనూ ఉంది. కారణం తెలిసీ ఫుసాయె గుండె కుదుటపడింది. అది ఎలా సాధ్యమో ఆమెకి ఇప్పటికీ అంతుపట్టదు.

"ఏంటలా చూస్తావ్? కెమెరా తెచ్చుకో. ఆరిపోతుంది," అంది కియోనో. "వాడు వచ్చాక చూపించాలిగా."

ఆమె మూతని కిటికీ దగ్గర పెట్టి వంగింది. ఈసారి చీకటిగదిలో కొయ్యాల్సింది ఏమీ లేదు. మూత అంచు కూడా బొమ్మలోకి రానివ్వకుండా దగ్గరికి జరిగి ఒక్కసారి నొక్కింది. తల ఎత్తేసరికి కిటికీ అవతల, తమ ఇంటి మెట్ల దారి పక్కన ఉన్న రాతిగోడ మీదుగా, ఒక నల్ల గొడుగు పైకి వస్తోంది.

ఆ దారి వాళ్ల ఇంటికి తప్ప ఇంకెక్కడికీ పోదు.

ఉరానోలో కబురు మోసుకొచ్చే పద్ధతి ఒకటుంది. మంచి కబురైతే వైర్‌లెస్ మనిషి ఒక్కడే వస్తాడు. చెడ్డ కబురు ఒక్కడు మొయ్యకూడదని సంఘం పెద్ద కూడా వెంట వస్తాడు. ఆడవాళ్లు మనిషి నోటివైపు చూడరు, ముందు తలలు లెక్కపెడతారు. రాతిగోడ మనుషుల్ని దాచేసింది. పైన గొడుగు మాత్రమే కనిపిస్తోంది. పెద్ద గొడుగు. కింద ఒక్కడైనా పడతాడు, ఇద్దరైనా పడతారు.

"ఎంతమందే?" అంది కియోనో.

"కనబడటం లేదత్తయ్యా."

ఇన్నాళ్లూ ఫుసాయె తియ్యాలని తపించిన ఫోటో అదే. వాన, గోడ, దాని మీద కదిలే గొడుగు, కింద ఎవరో తెలియదు. కెమెరా చేతిలోనే ఉంది. ఆమె దాన్ని ఎత్తలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఏదీ అంతగా కోరుకోలేదు, ఆ గోడ కూలిపోవాలని, గొడుగు ఎగిరిపోవాలని, దాచినదంతా బయటపడాలని కోరుకుంది. పక్కన కియోనో ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలి వేళ్లు ఎముకకి దిగాయి.

గొడుగు గోడ చివర మలుపు తిరిగింది. కింద రెండే కాళ్లు. గొడుగు పక్కకి వాలింది. ఒక్కడే, కుమగాయి, మెట్లు ఎక్కి రొప్పుతూ, వాన మొహం మీద పడుతున్నా ఉన్న పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆ మొహంలో దాచింది ఏమీ లేదు. ఫుసాయె జీవితంలో చూసిన అందమైన మొహం అదే.

"ఏరియలేనమ్మా! నే చెప్పలా, ఏరియలే!" గుమ్మంలోకి రాకముందే అరిచాడు. "చుక్కాని కూడా దెబ్బతింది. ఇంకో ఓడ లాక్కెళ్లి అక్కడేదో రేవులో పెట్టింది. అందరూ క్షేమం. మీ కొహెయి కబురు పంపాడు. అన్నీ ఫోటోలు తీస్తున్నావా అని అడగమన్నాడు, ఒక్కటి కూడా వదలొద్దన్నాడు."

కియోనో ఆయన్ని లోపలికి లాగి, కొడుకు దిండు మీద కూర్చోబెట్టి కొడుకు వాటా తినమంది. ఆయన మొహమాటపడుతూనే గిన్నె ఖాళీ చేశాడు. ఫుసాయె వంటింట్లోకి వెళ్లి మరో విడత ఏడ్చింది. కుమగాయి మొహాన్ని ఆమె ఫోటో తియ్యలేదు. కొహెయి వచ్చాక చూపించాల్సిన వాటిలో ఆ ఒక్కటీ వదిలేసింది.

ప్రదర్శన ముగిసే ఆదివారం నడిమి గోడ మేకుకి కొత్త ఫోటో వేలాడింది. నల్లటి నలుపు మీద చుక్కలు, అంతే. మాస్టారు దాని ముందు చాలాసేపు నిలబడి, "దీని పేరేంటి?" అన్నాడు. పేరు లేదంది ఫుసాయె. జనం వచ్చి ఆగారు. ఒకడు వాన పడ్డ రాయి అన్నాడు, ఒకామె పడవ అడుగున నీళ్లంది. ఈ నెలలోనే మొగుణ్ని ఓడ ఎక్కించిన కొత్త పెళ్లికూతురొకతె దగ్గరికొచ్చి, చుక్కల్ని చూసి, పక్కన నిలబడ్డ కియోనోని అడిగింది.

"ఇవి నక్షత్రాలా అమ్మమ్మా?"

కియోనో ఆ పిల్ల మొహం చూసింది. నక్షత్రాలో కాదో చెప్పలేదు. చెవి దగ్గరికి వంగి, ఫుసాయెకి వినబడేలా అంది.

"చారు మాత్రం బాగా మరగాలే అమ్మాయ్."